కుష్ఠు చరిత్ర టీచింగ్ కిట్ రివ్యూ: హైస్కూల్ సార్లు, మేడమ్‌ల కోసం

కొనొచ్చా అని అడిగేటోళ్ళకు ముందే చెప్తున్న, కొనొచ్చు. తొమ్మిదో తరగతికైతే తప్పకుండ కొనొచ్చు. కాకపోతే డబ్బల ఉన్నది ఉన్నట్టు క్లాసుల చెయ్యొద్దు, అందుల ఒక ఆక్టివిటీ పూర్తిగ పక్కన పెట్టాలె, ఒక ముక్క మనమే సొంతంగ కలుపుకోవాలె. ఎందుకో కింద రాస్తున్న, జర పొడుగైతది, టీచర్లు ఓపిక చేసుకొని చదవండి.

నేను హన్మకొండ దగ్గర ఒక జడ్పీ హైస్కూల్ల సోషల్ చెప్త. జనవరి 30 న గాంధీ వర్ధంతి నాడు మా బళ్ళె కుష్ఠు నిర్మూలన ప్రతిజ్ఞ చేపిస్తం, పీహెచ్‌సీ నుంచి ఎవరో ఒకరు వస్తరు, స్పర్శ లేని మచ్చ కనపడితె చెప్పండి అంటరు, పిల్లలు చెయ్యి చాపి వివక్ష చూపము అని చదువుతరు. ఆ వివక్ష ఏందో, ఎవరు చూపిండ్రో, చట్టం రాసి పోలీసుల్ని పెట్టి మరీ ఎట్ల చూపిండ్రో పిల్లలకు ఎవ్వరు చెప్పరు. సైన్సుల రోగం పేరు ఒస్తది, సోషల్ల దీనికంటు పాఠం లేదు. అసలు జనవరి 30 కి దీనికి సంబంధం ఏందని అడిగితె కూడ చానా మందికి తెల్వదు. సేవాగ్రామ్‌ల పర్చూరే శాస్త్రి అని సంస్కృత పండితుడు ఉండె, ఈ రోగం వచ్చి ఎటూ పోలేక ఆశ్రమానికి వస్తె గాంధీ తన గుడిసె దగ్గర్నే ఆయనకు ఒక గుడిసె వేపించి, తన చేతులతోటి పుండ్లు కడిగి మర్దన చేసిండు, ఆ గుడిసె ఇప్పటికి అక్కడ ఉంది. ఇసొంటియి చెప్పడానికి సరైన సామాన్ కోసం నేను మస్తు రోజులు వెతికిన, అప్పుడు దొరికింది ఈ కిట్.

ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ వాళ్ళు తయారు చేసిండ్రు. అట్టపెట్టెల పార్సెల్ వస్తది. గోడకు తగిలించే బట్ట బ్యానర్లు, టైంలైన్ కార్డులు, పాత చట్టాలు ఉత్తర్వుల నకళ్ళు తెలుగు అనువాదం తోటి, ఒక ప్రపంచ పటం, వినడానికి రికార్డింగులున్న పెన్‌డ్రైవ్, టీచర్ పుస్తకం, ఒక ఆట. రేటు ఒక ల్యాబ్ చార్టుల సెట్టు కంటె ఎక్కువ లేదు, స్కూల్ గ్రాంట్ల పడ్తది, మా హెచ్చెం సార్ పెద్దగ అడగకుండనే సంతకం పెట్టిండు.

అన్నిటికంటె విలువైంది రెండు పట్టీల టైంలైన్. పై పట్టీ మందులది, కింది పట్టీ రోగుల్ని వేరుపెట్టిన చట్టాలది, సంవత్సరాలు ఒకదాని కింద ఒకటి సరిగ్గ వచ్చేటట్టు గోడకు అంటించాలె. పైన 1873 ల నార్వే దేశంల బెర్గెన్ ఊర్ల గెర్హార్డ్ ఆర్మావర్ హాన్సెన్ అనే డాక్టరు ఈ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని కనుక్కున్నడు, 1941 ల అమెరికాల లూసియానా రాష్ట్రం కార్విల్ ఆస్పత్రిల ప్రోమిన్ ఇంజెక్షన్లు మొదలైనయి, ఆ వెనుక డాప్సోన్ గోళీలు, 1981 ల ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులు కలిపి ఇచ్చే ఎండీటీ సిఫారసు చేసింది, 1995 నుంచి ఆ మందులు ప్రపంచమంత ఫ్రీ. కింద 1865 హవాయి చట్టం, 1898 మన దేశపు లెపర్స్ యాక్ట్, 1907 జపాన్ మొదటి చట్టం, 1931 ల ఇంకింత గట్టిది, 1953 ల మళ్ళ కొత్తది. అవి ఎప్పుడు పోయినయో చూడండి, హవాయిల 1969, జపాన్‌ల 1996, మన దగ్గర 2016. మందు దొరికినంక కింది పట్టీ ఇంకా ఎంత దూరం సాగిందో గోడ మీద కండ్లకు కనపడ్తది, నేను నోటితోటి గంట సేపు చెప్పినా అంత ఎక్కదు. మన చట్టం రద్దయ్యేటప్పటికి ఇప్పుడు హైస్కూల్ల ఉన్న పిల్లలు అందరు పుట్టిండ్రు, ఈ మాట చెప్తె వెనక బెంచీలోళ్ళు కూడ లేచి గోడ దగ్గరికొచ్చి చూసిండ్రు.

అప్పుడే ఒక అమ్మాయి లేచి, "సార్, మందు 1940లల్లనే వచ్చింది కద, మరి జపానోళ్ళు 1953 ల మళ్ళ చట్టం ఎందుకు చేసిండ్రు" అన్నది. మొత్తం కిట్ పనికొచ్చేది ఈ ప్రశ్న కోసమే అని నేను అనుకుంటున్న. కాని టీచర్ పుస్తకంల దీనికి జవాబు ఒక్క లైన్ ఉంది, ప్రజల్ల భయం వల్ల అని. అది సరిపోదు, ఆ అమ్మాయికైతే అసల్కే సరిపోలే. జరిగింది ఏందంటె 1951 ల శానిటోరియంల, అంటే రోగుల్ని బంధించి ఉంచే ఆస్పత్రుల, పెద్ద డాక్టర్లే పార్లమెంటు ముందుకొచ్చి ఇంకా గట్టిగ పట్టాలె, చట్టం సడలియ్యొద్దు అని సాక్ష్యం చెప్పిండ్రు. అప్పటికే లోపల రోగులు సంఘం పెట్టుకున్నరు, నిరాహార దీక్షలు చేసిండ్రు, పార్లమెంటు దగ్గర ధర్నా కూర్చున్నరు, అయినా చట్టం పాసైంది. ఆ చట్టంల లోపలికి తీస్కపోవుడు ఎట్లనో రాసి ఉంది, నయమైనంక బయటికి పంపుడు ఎట్లనో రాయలేదు. అంటే భయం ఒక్కటే కాదు, ఆస్పత్రులు కట్టుకున్నరు, పోస్టులు పెట్టుకున్నరు, పేరు సంపాదించుకున్నోళ్ళు ఉన్నరు, అడిగేటోళ్ళ మాటకు విలువ లేదు. అమెరికాల కార్విల్‌ల ఉన్నోళ్ళకైతే 1946 దాకా ఓటు హక్కు కూడ లేకుండె. నేను ఈ ముక్కలన్ని కలిపి చెప్పినంకనే క్లాసు నిమ్మళమైంది. కిట్ తయారు చేసినోళ్ళు ఈ పేజీ పెంచాలె, ఇది నా మొదటి డిమాండ్.

నకలు కార్డులల్ల నాకు మస్తు పనికొచ్చింది 1898 చట్టం కార్డు. దాని ముందు ఇంకో కార్డు ఉంటది, రెండు కలిపి చెప్పాలె, విడివిడిగ చెప్తె లాభం లేదు. 1889 ల హవాయిల రోగుల మధ్యనే ఉండి సేవ చేసిన ఫాదర్ డేమియన్ అనే పాద్రి ఇదే రోగంతోటి చనిపోయిండు, ఆ వార్తకు ఇంగ్లండ్‌ల గగ్గోలు లేచింది, చందాలు పోగు చేసి ఒక నిధి పెట్టి మన దేశానికి లెప్రసీ కమిషన్ పంపిండ్రు. వాళ్ళు 1890, 91 ల దేశమంత తిరిగి చూసి ఇది వంశపారంపర్యం కాదు, అంటుకునే ప్రమాదం కూడ చానా తక్కువ, బలవంతంగ వేరుచేసే చట్టం అక్కర లేదు అని రాసిచ్చిండ్రు. రాసిచ్చినా సరే 1897 ల బెర్లిన్‌ల అంతర్జాతీయ సభ వేరుపెట్టుడే మంచిదని తీర్మానం చేసింది, 1898 ల ఇక్కడ చట్టం వచ్చింది. పిల్లలకు ఈ రెండు కార్డులు చేతికిచ్చి, తేదీలు చూసి ఏమనిపిస్తుందో రాయండి అంటే చాలు, మనం ఏం చెప్పాల్సిన పని లేదు.

చట్టంల ఉన్నది ఏందంటె, పుండ్లు పడ్డ రోగి బిచ్చమెత్తుకుంట కనపడితె, లేకపోతె బతుకుదెరువు ఏం లేకుండ తిరుగుతుంటె, వారంటు లేకుండ పోలీసు పట్టుకోవచ్చు, డాక్టరు చూసి సర్టిఫికెట్ రాస్తె మెజిస్ట్రేట్ కుష్ఠు ఆశ్రమానికి పంపొచ్చు. ఇగ నోటిఫై చేసిన ఏరియాలల్ల తిండి వస్తువులు, మందులు, బట్టలు అమ్మొద్దు, ఊరి బాయిల చెరువుల నీళ్ళు ముట్టొద్దు, కిరాయి బండ్లు ఎక్కొద్దు నడపొద్దు. పైసలున్న రోగి తన ఇంట్ల తను ఉంటె పోలీసు గడప తొక్కడు. మా క్లాసుల ఒక పిల్లగాడు వెంటనే "సార్ ఇది గరీబోళ్ళ మీద పెట్టిన చట్టం" అన్నడు, ఇంకోడు బాయి మాట రాంగనే అంటరానితనం పాఠం గుర్తు చేసిండు, ఆర్టికల్ 17 ఈడ వర్తిస్తదా అని కొట్లాటే అయింది. నాకు దీనికంటె మంచి సివిక్స్ క్లాసు ఈ మధ్య జరగలే.

ఈడ ఒక లోటు. చట్టం బ్రిటిష్ ఇండియాకు, మన వరంగల్ అప్పుడు నిజాం రాజ్యం, కాబట్టి ఇది మన ఊర్లకు డైరెక్టుగ వర్తించేది కాదు. పిల్లలు మొట్టమొదట అడిగేది అదే, మన దగ్గర గూడ పోలీసులు పట్టుకపోయిండ్రా అని. కిట్‌ల నిజాం పేరే లేదు. తెలుగుల అచ్చేసి తెలంగాణ బళ్ళకు అమ్ముతున్నప్పుడు అరపేజీ అయినా పెట్టొద్దా.

ఆ అరపేజీ ఏం ఉండాలెనో నేనే రాసి కిట్‌ల పెట్టుకున్న, మీరు కూడ పెట్టుకోండి. నిజామాబాద్ పక్కన డిచ్‌పల్లి ఉంది కద, అక్కడి విక్టోరియా ఆస్పత్రి 1915 ప్రాంతంల కుష్ఠు వైద్యం కోసమే లేచింది. స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్, మెథడిస్ట్ మిషన్ వాళ్ళు మొదలు పెట్టిండ్రు, నిజామాబాద్ రాజా నర్సాగౌడ్ పెద్ద మొత్తంల పైసలిచ్చిండు. అప్పట్ల ప్రోమిన్ లేదు డాప్సోన్ లేదు, చాల్‌మూగ్రా గింజల నూనె ఇంజెక్షన్లే, అవి మస్తు నొప్పి పెట్టేటియి. అయినా జనం వైద్యం దొరుకుతదని వెతుక్కుంట వచ్చిన చోటు అది. బలవంతంగ పట్టుకపోయే చోటికి మనుషులు దాక్కుంటరు, మందు ఇచ్చే చోటికి నడిచి వస్తరు, ఈ తేడా పిల్లలకు డిచ్‌పల్లి పేరుతోటి చెప్తె హవాయి పేరుతోటి చెప్పినదానికంటె జల్ది అర్థమైతది. అంత మాత్రాన మిషన్ ఆశ్రమాలన్ని మంచియే అని కూడ చెప్పొద్దు, దేశంల చానా చోట్ల ఆడోళ్ళను మగోళ్ళను వేరే ఉంచిండ్రు, పుట్టిన పిల్లల్ని తల్లుల నుంచి తీసి వేరే హోంలల్ల పెంచిండ్రు, అది కూడ చెప్పాలె. హైదరాబాద్ కూకట్‌పల్లిల 1958 ల రాణి కుముదినీ దేవి మొదలు పెట్టిన శివానంద హోం ఉంది, వనపర్తి సంస్థానం ఆమె, తర్వాత హైదరాబాద్ మేయర్ కూడ అయింది. ఇగ కాజీపేట నుంచి బల్లార్షా మీదికెళ్ళి నాగ్‌పూర్ పోయే లైన్ల వరోరా స్టేషన్ తగుల్తది, బాబా ఆమ్టే పెట్టిన ఆనంద్‌వన్ ఆడ్నే. నయమైనోళ్ళే బాయిలు తవ్వుకొని పొలం చేసుకొని బతికిన ఊరు. ఢిల్లీ పోయే రైళ్ళు ఎక్కిన మనోళ్ళు ఎంతమంది ఆ స్టేషన్ దాటిపోయిండ్రో, పిల్లలకు పటం మీద చూపిస్తె ఆశ్చర్యపోయిండ్రు.

హవాయి బ్యానర్ల గురించి. కొండలు ఒక దిక్కు సముద్రం మూడు దిక్కుల, మధ్యల కలౌపపా, 1866 నుంచి 1969 దాకా ఎనిమిది వేల మంది దాక రోగుల్ని అక్కడికి పంపిండ్రు, ఎక్కువ మంది ఆ దీవుల సొంత జనమే. ఫోటోలు బాగున్నయి, ప్రింట్ బాగుంది. కాని బ్యానర్ల సగం ఫాదర్ డేమియన్ కథనే. ఆయన గొప్పోడే, 1873 ల పోయి పదహారేండ్లు వాళ్ళతోటే ఉండి వాళ్ళ రోగంతోటే పోయిండు, నేను కాదంటలే. కాని పిల్లలకు పోయిన దయగల ఒక్క మనిషే గుర్తుంటడు, పట్టుబడ్డ వేల మంది ముఖం లేకుండ మిగుల్తరు. రోగం లేకున్నా భర్త కోసం భార్య, తల్లి కోసం బిడ్డ వెంట పోయి అక్కడ్నే బతికినోళ్ళు ఉన్నరు, వాళ్ళ మాట బ్యానర్ల మూలకు ఒక్క లైన్. కోఓలౌ అనే పశువుల కాపరి కథ అసల్కే లేదు, 1893 ల భార్య పిఇలానిని ఇక్కడ్నే వదిలి రమ్మంటె పోనని, ఆమెను, కొడుకును తీస్కొని కవాయి దీవిల లోయల దాక్కొని, పట్టుకోను వచ్చిన పోలీసోని మీద తుపాకి పేల్చిండు, తర్వాత సైన్యం వచ్చినా దొరకలే, ఆ లోయలనే కొడుకు, తను చనిపోయిండ్రు, భార్య ఒక్కతే కొండ దిగొచ్చి ఆ కథ లోకానికి చెప్పింది. నేను ఇది నోటితోటి చెప్పిన. ఆసిఫాబాద్ నుంచి వచ్చి మా దగ్గర చదువుతున్న పిల్లగాడు కొమురం భీం పేరెత్తిండు, జోడేఘాట్ గుట్టల సంగతి తనే లేచి క్లాసుకు చెప్పిండు.

ఫిలిప్పీన్స్‌ల రోగుల్ని ఉంచిన కులియన్ దీవి కార్డు పిల్లలకు మస్తు ఇష్టమైంది, 1913 నుంచి అక్కడోళ్ళకు వేరే నాణేలు కొట్టిండ్రు, చేతుల నుంచి బయటోళ్ళకు అంటుతదని. నాణెం నమూనా అట్టతోటి చేసి పెట్టిండ్రు, చేతుల పట్టుకొని చూడొచ్చు. డబ్బు వేరు చేస్తె ఆ మనిషి ఆ దీవి దాటి ఏం కొనలేడు, ఇంకొకరికి పంపలేడు, ఇది ఎకనామిక్స్ క్లాసుల కూడ వాడుకోవచ్చు.

జపాన్ కార్డులల్ల ఒకటి కుసాత్సు దగ్గరి శానిటోరియం శిక్షగదుల గురించి ఉంది, 1938 నుంచి 1947 దాకా 93 మందిని వేసిండ్రు, 23 మంది చనిపోయిండ్రు. పెండ్లి చేసుకోవాలంటె పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ చేపించుకోవాలె అన్న సంగతి కూడ ఉంది. ఎనిమిదో తరగతికి ఈ రెండు కార్డులు తియ్యండి, తొమ్మిది, పదికి ఇవ్వొచ్చు, కాని టీచర్ క్లాసుల ఉండి చదివియ్యాలె, హోంవర్క్ లెక్క ఇంటికి పంపొద్దు.

ఇప్పుడు ఆ పక్కన పెట్టాల్సిన ఆట. చీటీలు తీపిస్తరు, ఒకరికి రోగి అని వస్తది, సుద్దముక్కతోటి గీత గీసి ఆ పిల్లను గీత అవతల కూర్చోపెట్టి పీరియడ్ మొత్తం ఎవ్వరు మాట్లాడొద్దు, చివర్ల ఎట్ల అనిపించింది అని అడగాలంట. దయచేసి చెయ్యకండి. ఊరి బళ్ళె ఆ చీటీ వచ్చిన పిల్లకు యేడాదంత ఆ పేరే ఉంటది. క్లాసుల ఎవరింట్లనో తాతకో అమ్మమ్మకో ఈ రోగం వచ్చి నయమై ఉండొచ్చు, వేళ్ళు వంకర ఉండొచ్చు, మనకు తెల్వదు, ఆ పిల్ల అక్కడ్నే కూర్చొని చూస్తుంటది. ఇంకొకటి, ఒక్క పీరియడ్ మౌనంగ ఉంటె నలభై యేండ్ల బందీఖానా అర్థం కాదు, అర్థమైందనే భ్రమ మాత్రం వస్తది. దీంతోటి చట్టం, పోలీసు, మెజిస్ట్రేట్, డాక్టర్ సంతకం అన్ని మాయమై దోస్తులు మాట్లాడకపోవుడే సమస్య లెక్క మిగుల్తది.

దాని జాగల మేము కోర్టు పెట్టినం. జపాన్‌ల శానిటోరియంల ఉన్నోళ్ళు ప్రభుత్వం మీద కేసేసిండ్రు, 2001 మే ల కుమమోటో జిల్లా కోర్టు వాళ్ళ దిక్కు తీర్పిచ్చింది, ప్రభుత్వం అప్పీలుకు పోలే, నష్టపరిహారం ఇచ్చింది, 2019 ల కుటుంబాలోళ్ళ కేసు కూడ గెలిచిండ్రు. పిల్లల్ని వాది, ప్రతివాది, జడ్జీలు మూడు గుంపులు చేసి, కార్డులే సాక్ష్యాలుగ వాడమన్న. ఎవ్వరు రోగి పాత్ర వెయ్యొద్దు, వకీళ్ళే ఉండాలె అని షరతు పెట్టిన. ప్రభుత్వం దిక్కు వాదించే గుంపు కష్టపడ్డది, అప్పట్ల తెల్వదు అని వాదిస్తె అవతలోళ్ళు పై పట్టీల తేదీలు చూపెట్టిండ్రు. కిట్ల ఈ కోర్టు ఆక్టివిటీ ఉండాల్సింది, సామాన్ అంత వాళ్ళ దగ్గర్నే ఉంది.

కరోనా పోలిక టీచర్ పుస్తకంల పెట్టిండ్రు, మంచిదే, ఎందుకంటె ఈ పిల్లలు అప్పుడు చిన్న క్లాసులల్ల ఉండి ఇంట్ల కూర్చున్నోళ్ళే. కాని పుస్తకం రెండిటిని ఒకే గాటన కట్టేసింది. మా పిల్లలే అడిగిండ్రు, అప్పుడు దూరం పెట్టింది కూడ తప్పేనా సార్ అని. తప్పు కాదు అని ఊరుకుంటె కుదరదు, ఎందుకు కాదో చెప్పాలె. నేను బోర్డు మీద కొన్ని ప్రశ్నలు రాసిన, ఎన్ని రోజులు, ఎవరు నిర్ణయిస్తరు, పరీక్ష చేసి నెగెటివ్ వస్తె వదిలిపెడ్తరా, తప్పుగ పట్టుకుంటె ఎవరికి చెప్పుకోవాలె, ఉన్నోనికి లేనోనికి ఒకటే రూలా. కరోనా కాలానికి, 1898 చట్టానికి, జపాన్ 1953 చట్టానికి పక్కపక్కన జవాబులు రాపిచ్చిన. కరోనాల కూడ అన్ని సక్కగ జరగలేదని పిల్లలకు తెలుసు, ఊరి బయట ఆపిన సంగతులు వాళ్ళే చెప్పిండ్రు. కాని తేదీ ఉన్న ఐసొలేషన్ వేరు, తేదీ లేనిది వేరు అని వాళ్ళే రాసిండ్రు.

సైన్సు ముక్క మా బయాలజీ మేడమ్ చూసింది. మొత్తం మీద సరిగ్గనే ఉంది అన్నది. ఈ బ్యాక్టీరియా ఒక్కసారి రెండుగ విడిపోవడానికి సుమారు రెండు వారాలు పడ్తది, అందుకే లక్షణాలు కనపడను సగటున అయిదేండ్లు, కొందరికి ఇరవై యేండ్లు కూడ పట్టొచ్చు, అందుకే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పాతకాలంల ఎవరికి అంతు దొరకలే, శాపం, పాపం, వంశం అని ఎవరికి తోచింది వాళ్ళు అన్నరు. ఈ వరుస బాగ రాసిండ్రు. చెయ్యి కలిపితె, కలిసి తింటె, పక్కన కూర్చుంటె రాదు, మందు వాడని రోగితోటి నెలల తరబడి దగ్గరి సావాసం ఉంటెనే ముక్కు, నోటి తుంపరలతోటి వచ్చే అవకాశం, అది కూడ ఎక్కువ మందికి ఒంట్లనే తట్టుకునే శక్తి ఉంటది. తప్పు ఎక్కడంటె పుస్తకంల ఒక పేజీల అంటువ్యాధి కాదు అని, ఇంకో పేజీల అంటువ్యాధి అని ఉంది. అంటుతది, కాని చానా తక్కువ అంటుతది, మందు మొదలు పెట్టినంక కొద్ది రోజులల్లనే ఇంకొకరికి అంటించే స్థితి పోతది, ఇట్ల రాయాలె. పిల్లలకు అబద్ధం చెప్పి ధైర్యం ఇస్తె రేపు నిజం తెలిసిననాడు మన మిగతా మాట కూడ నమ్మరు.

ఇంకో తప్పు, 2005 ల మన దేశంల కుష్ఠు నిర్మూలన అయిపోయిందని బ్యానర్ మీద పెద్దక్షరాలల్ల ఉంది. 2005 డిసెంబర్ లెక్కతోటి ప్రకటించింది పదివేల జనాభాకు ఒకరి కంటె తక్కువకు వచ్చిందని, రోగం పోయిందని కాదు. ఇప్పటికి యేటా లక్షకు అటు ఇటు కొత్త కేసులు మన దేశంలనే బయటపడ్తున్నయి, ప్రపంచంల సగం పైన మనయే. ఆ బ్యానర్ మీద నేను తెల్లకాగితం అంటించి సరిచేసిన. మా ఊరి ఆశ అక్కను క్లాసుకు పిలిచినం, ఇల్లిల్లు తిరిగి మచ్చలు ఎట్ల చూస్తరో, ఆరు నెలల కోర్సు ఎవరికి, పన్నెండు నెలల కోర్సు ఎవరికి, షీట్లల్ల గోళీలు ఎట్ల ఇస్తరో చెప్పింది, గోళీలతోటి ఒళ్ళు నల్లబడ్తదని జనం ఎందుకు మధ్యల ఆపేస్తరో కూడ చెప్పింది, కిట్ల ఏ కార్డు అంత బాగ చెప్పలే. మీరు కూడ మీ ఆశను పిలవండి, వాళ్ళు సంతోషంగ వస్తరు.

ఫోటోల గురించి ఒక్క మాట. రెండు బ్యానర్లల్ల పాతకాలపు రోగుల ముఖాలు, చేతులు దగ్గర్నుంచి తీసినయి ఉన్నయి. అవి తగిలియ్యకండి. ఆ మనుషుల్ని అడిగి తీసినట్టు లేవు, పిల్లలు భయపడ్తరు తప్ప నేర్చుకునేది ఏం లేదు. హాన్సెన్ గురించి ఇదే కిట్ల ఒక కార్డు ఉంది, ఒక రోగి స్త్రీ కంట్లకు ఆమెను అడగకుండ రోగపు ముక్క ఎక్కించను చూసిండు, 1880 ల కోర్టు తప్పు పట్టి ఆస్పత్రి పోస్టు తీసేసింది. సమ్మతి గురించి అంత మంచి కార్డు పెట్టి పక్కన ఈ ఫోటోలు ఎట్ల పెట్టిండ్రో. అట్లనే చదువైనంక పిల్లల్ని దగ్గర్ల ఉన్న కాలనీకి టూర్ లెక్క తీస్కపోదాం అని ఒక సార్ అన్నడు, నేను వద్దన్న. వాళ్ళే వచ్చి మాట్లాడతమంటె పిలుద్దాం, మనం గుంపుగ పోయి చూసి వచ్చుడు వద్దు.

తెలుగు బరువుగ ఉంది, పుస్తకాల భాష, కొన్ని కార్డులు రెండుసార్లు చదివితె గాని పిల్లలకు ఎక్కలే. పెన్‌డ్రైవ్ రికార్డింగులు వినసొంపుగ ఉన్నయి, మా స్మార్ట్ బోర్డుల సౌండ్ తక్కువొచ్చింది, బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుంటె సరిపోయింది.

2019 ల విడాకుల చట్టాలు మార్చిన కార్డు చివర్ల ఉంది, అప్పటి దాకా భర్తకో భార్యకో కుష్ఠు ఉంటె అదొక్కటి చాలు విడాకులకు. దీన్ని చివరికి వదిలిపెట్టకుండ 2016 రద్దు కార్డు పక్కన్నే పెట్టి చెప్పండి, లా కమిషన్ 2015 రిపోర్టు కూడ ఆ వరుసల్నే వస్తది, పదో తరగతోళ్ళకు ప్రాజెక్టు ఇవ్వడానికి బాగుంటది. ఒక పేరెంట్ ఫోన్ చేసి పిల్లలకు రోగాల ముచ్చట ఎందుకు సార్ అన్నడు, చట్టం కార్డు ఫోటో తీసి వాట్సాప్ పెట్టిన, మళ్ళ ఆయనే బడికొచ్చి గోడ మీద పట్టీలు మొత్తం చదివిండు.

కొనేటోళ్ళకు చివరిగ. జనవరిల సంక్రాంతి సెలవులు, 26, ఆ వెంటనే 30, పార్సెల్ లేటైతె ఇబ్బంది, డిసెంబర్ల్నే ఆర్డర్ పెట్టండి. పదో తరగతోళ్ళకు ఆ టైంల స్పెషల్ క్లాసులు ఉంటయి, వాళ్ళకు దసరా ముందే చెప్పేసుకోండి. టైంలైన్ కార్డులు లామినేషన్ చేపియ్యండి, మామూలు అట్ట, నాలుగు చేతులు మారితె అంచులు లేస్తున్నయి. బ్యానర్ల తాళ్ళు సన్నగున్నయి, నైలాన్ తాడు వేరే తెచ్చుకోండి. ఒక్క కిట్ నలభై మంది క్లాసుకు నకలు కార్డులు సరిపోవు, 1898 కార్డు, కమిషన్ కార్డు, కుమమోటో కార్డు ఈ మూడు జిరాక్స్ తీసి గుంపుకు ఒకటి ఇచ్చుకోండి. అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తున్న, ఆ ఆట తీసేసి డిచ్‌పల్లి పేజీ పెట్టిననాడు అయిదోది కూడ ఇస్త.